ఎదురొచ్చే సైకిలుకు ఏం జవాబు చెప్పాలి?

అనంతపురం నుంచి ఒక పాఠకుడు ఇలా రాశారు: "డాక్టరుగారూ, నా వయస్సు 52. రెండేళ్ళ క్రితం షుగరు బయటపడింది. మా ఊరి డాక్టరుగారు సైకిలు తొక్కమన్నారు. పొద్దున్నే ఊరి బయటి రోడ్డు మీద గంటసేపు తొక్కుతున్నాను. ఎదురుగా వచ్చే సైకిళ్ళవాళ్ళలో కొందరు చెయ్యి ఎత్తుతారు. కొందరు చూసీ చూడనట్టు పోతారు. నేను చెయ్యి ఎత్తాలా, ఊరుకోవాలా? నేను ఎత్తి వాళ్ళు ఎత్తకపోతే ఆ పూటంతా మనసు బాగుండటం లేదు. ఇది కూడా ఒక జబ్బేనా?"

జబ్బు కాదండీ. ఆ మాట ముందే చెప్పేస్తున్నాను, లేకపోతే మీరు వచ్చే వారం దాకా ఆలోచిస్తూ కూర్చుంటారు. ఈ ఉత్తరానికి నాలుగు ముక్కల్లో జవాబు రాసి పంపేద్దామనే అనుకున్నాను. కాని చదువుతున్నంతసేపూ నాకు ఒక కాలవగట్టే కళ్ళముందు మెదిలింది. అంచేత మిమ్మల్ని కూడా ఒకసారి అక్కడికి తీసుకువెళ్తాను. మందులూ మాత్రలూ ఆ తరువాత చూద్దాం.

మా బావమరిదిది కోనసీమ. కొన్నేళ్ళ క్రితం ధనుర్మాసంలో వాళ్ళింటికి వెళ్ళినప్పుడు, "బావగారూ, మీరు జనానికి వ్యాయామం చెయ్యమని రాస్తారుగదా, మీరూ కాస్త చేద్దురుగాని రండి" అంటూ తెల్లవారుజామున అయిదింటికి దుప్పటి లాగేశాడు. వాకిట్లో రెండు సైకిళ్ళు. ఒకటి పాత నల్లది, వెనక క్యారియరు, ముందు డైనమో లైటు. రెండోది వాళ్ళబ్బాయి గేరు సైకిలు. నాకు నల్లదే ఇచ్చాడు, వయసుకు తగ్గట్టు.

ఆ దారి ఎరగనివాళ్ళకోసం రెండు మాటలు. ధవళేశ్వరం దగ్గర గోదావరి గౌతమి, వసిష్ఠ అని రెండు పాయలవుతుంది. కాటన్ దొరగారి ఆనకట్ట 1852లో పూర్తయింది అక్కడే. దాని స్థానంలో తరువాత వచ్చిన బ్యారేజి మీదుగా ధవళేశ్వరం నుంచి బొబ్బర్లంక చేరితే, అక్కడినుంచి సెంట్రల్ డెల్టా కాలవ మీకు తోడు వస్తుంది. ఒకపక్క కాలవ, ఒకపక్క కొబ్బరిచెట్లు, అరటితోటలు, మధ్యలో గట్టు రోడ్డు. ఆత్రేయపురం, లొల్ల, ర్యాలి, ఆ పైన రావులపాలెం. ఆత్రేయపురం పూతరేకులకు 2023లో భౌగోళిక గుర్తింపు కూడా వచ్చింది. ఉత్తరం రాసినవారు అటు వెడితే ఆ దుకాణాల ముందు మాత్రం సైకిలు ఆపవద్దు.

ఆ గట్టుమీద మొదటి రోజు నాకు పట్టుబడనిది తొక్కడం కాదు, పలకరింపే. చీకటి విడకముందే ఎదురుగా ఒక సైకిలు వచ్చింది. "ఎంతవరకండీ?" అన్నాడాయన. నేను ఆగిపోయి, "లొల్ల దాకా వెడుతున్నామండీ, మా బావమరిదిగారి ఊరు..." అంటూ మొదలుపెట్టేసరికి ఆయన వంద గజాలు దాటిపోయాడు. మా బావమరిది ఒకటే నవ్వు. "అది ప్రశ్న కాదు బావగారూ. మీరు 'ఇక్కడిదాకానేనండి' అనాలి. అంతే."

ఆ తరువాత నేను గమనించడం మొదలుపెట్టాను. పాలక్యానుల మనిషి చెయ్యి ఎత్తడు, బెల్లు కొడతాడు, ఒక్కసారే, పొట్టిగా. మోకు భుజాన వేసుకుని దింపుకు వెళ్ళే ఆయన గడ్డం పైకెగరేస్తాడు. రావులపాలెం మార్కెట్టుకు అరటిగెలలు వేసుకుపోయే సైకిళ్ళు ఉన్నాయి చూశారూ, అటొకటి ఇటొకటి గెలలు కట్టి, పైన ఇంకో రెండు. ఆ మనిషి చెయ్యి తీశాడంటే సైకిలూ గెలలూ కాలవలోనే. అతను నాలుకతో 'చ్చ్' మని చప్పుడు చేస్తాడు. అదే నమస్కారం. బడికి వెళ్ళే పిల్లలు ఒకళ్ళనొకళ్ళు పేర్లతో కేకలేసుకుంటారు. మా వెనకనుంచి వచ్చి దాటిపోయినవాళ్ళు మాత్రం బెల్లు కొట్టి, తల తిప్పకుండానే "వస్తానండి" అని పోయారు. ఎక్కడికి వస్తారో!

ఇందులో లెక్క కూడా ఉంది, వినండి. మీరు గంటకు 12 కిలోమీటర్ల వేగంతో వెళుతున్నారు, ఎదుటివాడూ అంతే అనుకుందాం. ఇద్దరూ దగ్గరయ్యే వేగం గంటకు 24 కిలోమీటర్లు. ముప్ఫై మీటర్ల దూరంలో మొహాలు ఆనవాలు కట్టుకుంటే, పక్కపక్కకు రావడానికి నాలుగున్నర సెకన్లు పడుతుంది. చూడటానికి, గుర్తుపట్టడానికి, ఒక మాట అనడానికి అది చాలు. అదే ఇద్దరూ ముప్ఫై మీద వస్తుంటే రెండు సెకన్లు కూడా దొరకవు. హైదరాబాదులో ఔటర్ రింగురోడ్డు పక్కన, పైన సౌర ఫలకాల కప్పుతో, 23 కిలోమీటర్ల సైకిలు దారి 2023 అక్టోబరులో ప్రారంభించారు. ఒక ఆదివారం దాన్ని చూడటానికి వెళ్ళాను. హెల్మెట్లు, నల్లకళ్ళజోళ్ళు, వంగిన వీపులు. మొదట్లో 'ఎంత పొగరు వీళ్ళకి' అనుకున్నమాట నిజం. తరువాత నిలబడి జాగ్రత్తగా చూస్తే, హ్యాండిలుబారు మీదనుంచి నాలుగు వేళ్ళు లేస్తున్నాయి, లేదా తల ఒక అంగుళం వంగుతోంది. రెండు సెకన్లలో అంతకన్న ఏం చేస్తారు పాపం? మిమ్మల్ని చూడనట్టు పోయారని మీరు రాసినవాళ్ళలో సగంమంది ఇలా పలకరించే ఉంటారని నా అనుమానం. మీరు చెయ్యికోసం చూశారు, వాళ్ళు వేళ్ళెత్తారు.

మరి పలకరించకపోతే మనసు ఎందుకు చిన్నబోతుంది? దీన్ని పరీక్షించి చూసినవాళ్ళున్నారు. అమెరికాలో పర్‌డ్యూ విశ్వవిద్యాలయం ఆవరణలో నడిచిపోయేవాళ్ళను కొందరిని కళ్ళలోకి చూశారు, కొందరిని చూసి నవ్వారు, కొందరినైతే అక్కడ మనిషే లేనట్టు, గాలిలోంచి చూసినట్టు చూశారు. వెంటనే ఇంకొకరు ఎదురై, 'ఈ క్షణాన మీకు నలుగురితో ఎంత దూరం ఉన్నట్టుంది?' అని అడిగారు. గాలిలా చూడబడినవాళ్ళే ఎక్కువ దూరం చెప్పారు. ముక్కూ మొహం తెలియని మనిషి ఒక్క చూపుకే ఇంత! ఈ ఫలితం 2012లో అచ్చయింది. 2014లో కెనడాలో ఇద్దరు పరిశోధకులు కాఫీ దుకాణానికి వెళ్ళేవాళ్ళను రెండు జట్లు చేసి, ఒక జట్టును గబగబా పని చూసుకు రమ్మన్నారు, ఇంకో జట్టును కాఫీ ఇచ్చేవారితో నవ్వి రెండు మాటలాడమన్నారు. మాటలాడి వచ్చినవాళ్ళు ఎక్కువ ఉల్లాసంగా ఉన్నారు. ఒంటరితనం గురించి ప్రపంచ ఆరోగ్య సంస్థ వేసిన సంఘం 2025లో ఇచ్చిన నివేదిక, ప్రపంచంలో ప్రతి ఆరుగురిలో ఒకరు దాన్ని అనుభవిస్తున్నారని చెప్పింది. గుండెజబ్బుకు, పక్షవాతానికి, షుగరుకు దారితీసేవాటిలో దాన్నీ చేర్చింది. కనుక మీరు చిన్నబోవడం మనిషి లక్షణం. కాకపోతే పూటంతా మొయ్యనక్కరలేదు.

అలాగని అందరూ అందరినీ పలకరించి తీరాలని రూలు పెట్టడానికి నేను ఒప్పుకోను. మా మేనకోడలు హైదరాబాదులో ఉద్యోగం. సైకిలు మీద ఆఫీసుకు వెడుతుంది. దానికి ఈ కాలవగట్టు సంగతులు చెప్పబోతే, "మామయ్యా, నీకు పలకరింపు, నాకు పక్కనే వచ్చి 'మేడమ్, రోజూ ఇటే వెళ్తారా' అనే మోటారుసైకిలు" అంది. నోరు మూసుకున్నాను. ఒంటరిగా వచ్చే ఆడపిల్ల ముందు చూపు రోడ్డుమీద పెట్టుకుని పోతే అది అమర్యాద కాదు, ఆమె జాగ్రత్త. ఆమె తల ఊపితే మీరూ ఊపండి. లేకపోతే మీ దారిన మీరు పొండి. వెనుదిరిగి చూడకండి.

రెండో సంగతి లొల్ల లాకుల దగ్గర టీకొట్లో విన్నాను. ధనుర్మాసపు చలి, చేతిలో గాజుగ్లాసు. బల్లమీద డెబ్బై దాటిన వ్యవసాయకూలీ ఒకాయన. మా ఊసు పలకరింపుల మీదకి మళ్ళింది. "మా అయ్య సైకిలు కొన్నాడండి. తొక్కింది మాత్రం ఊరి బయటేనండి. పెద్దోరి ఈధి వస్తే దిగి నడిపించుకుంటా పోవాలండి. ఎక్కి పోతే ఒళ్ళు సీరేసీవోరు" అన్నాడు, టీ ఊదుకుంటూ, ఏదో వాన సంగతి చెబుతున్నట్టు. ఇది ఒక్క ఊరి కథ కాదు. తెలంగాణలో దొరల గడీల ముందు చెప్పులు చేతపట్టుకుని నడిచిన రోజుల గురించి పెద్దవాళ్ళు చెప్పగా మీరు వినే ఉంటారు. మేం చిన్నప్పుడు మాస్టారు ఎదురైతే సైకిలు దిగేవాళ్ళం. అదీ దిగడమే, ఇదీ దిగడమే, రెండూ ఒకటి కాదు. ఆయన మాటలు విన్నాక, 'ఆ రోజుల్లో మర్యాదలు ఉండేవి' అనే మాట నా నోటివెంట వచ్చేముందు ఒకసారి ఆగుతుంది. ఆయన లేచి సైకిలెక్కుతూ నావైపు చూసి "ఉంటానండి" అన్నాడు. నేనూ లేచి నిలబడ్డాను. ఎందుకు లేచానో తెలీదు.

ఆ టీకొట్లోనే నాకు ఒక రిటైర్డు తెలుగు మాస్టారు పరిచయమయ్యారు. అరవై ఎనిమిదేళ్ళు. రోజూ గట్టుమీద పన్నెండు కిలోమీటర్లు తొక్కుతారు. ఎదురొచ్చినవాడు ఎవడైనా సరే, కుడిచెయ్యి పూర్తిగా పైకెత్తి, నవ్వి, "శుభోదయం నాయనా" అంటారు. గేరు సైకిలు పిల్లలు మొదట్లో నవ్వుకునేవారట, తరువాత వాళ్ళే ముందుగా "శుభోదయం మాస్టారూ" అనడం మొదలెట్టారట. ఆయనకు రక్తపోటు ఉంది. మాత్ర వేసుకుంటారా అని అడిగితే, "సైకిలు తొక్కుతున్నానుగదండీ" అన్నారు. ఈ జవాబు నేను వారానికి పదిసార్లు వింటాను. సైకిలు రక్తపోటును కొంత తగ్గిస్తుంది నిజమే, కాని రాసిన మాత్రకు అది బదులు కాదని ఆయనకు గట్టిగానే చెప్పాను. వేసుకుంటానన్నారు.

రెండేళ్ళ తరువాత మా బావమరిది ఫోను. ఆ రోజు మాస్టారు మామూలుగానే బయలుదేరారు. ఆరూ పదిహేనుకు పాలాయన ఎదురై బెల్లు కొట్టాడు. మాస్టారు చెయ్యెత్తబోయారు, కుడిచెయ్యి సగంలోనే జారిపోయింది. నవ్వు ఒకపక్కకే పోయింది. "శుభోదయం" అన్నది ముద్దగా, పిండి నమిలినట్టు వచ్చింది. పాలాయన చదువుకున్నవాడు కాదు. కాని మూడేళ్ళుగా రోజూ చూస్తున్న నమస్కారం అది. సైకిలు వెనక్కి తిప్పి, మాస్టారిని పట్టి గట్టుమీద పడుకోబెట్టి, 108కి ఫోను చేశాడు.

మీరు ఇక్కడ ఒక్క నిమిషం ఆగాలి. పక్షవాతాన్ని గుర్తుపట్టడానికి మేము జనానికి నేర్పే పరీక్షలు మూడే. నవ్వమనండి, మూతి వంకరపోతోందేమో చూడండి. చేతులెత్తమనండి, ఒకటి జారిపోతోందేమో చూడండి. ఒక వాక్యం చెప్పమనండి, మాట ముద్దవుతోందేమో వినండి. మాస్టారి నమస్కారంలో ఈ మూడూ ఉన్నాయి! ఆయన ఊరందరిచేతా రోజూ తనకు పరీక్ష చేయించుకుంటున్నారన్నమాట, వాళ్ళకీ తెలియదు, ఆయనకీ తెలియదు.

కథ అక్కడితో సాఫీగా సాగలేదు. దారిలో దగ్గరని ఒక చిన్న ఆసుపత్రిలో దించారు. అక్కడ స్కానింగు లేదు. సెలైను పెట్టి, 'నీరసం, చూద్దాం' అంటూ దాదాపు గంట గడిపారు. మెదడులో నెత్తురు గడ్డ అడ్డుపడ్డప్పుడు నిమిషాలు విలువైనవి. గడ్డ కరిగించే ఇంజక్షను సాధారణంగా లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. అంతకన్న ముందు స్కాను తీసి, అది గడ్డేగాని రక్తస్రావం కాదని తేల్చుకోవాలి. కనుక స్కానింగు ఉన్న ఆసుపత్రికే తిన్నగా వెళ్ళాలి. నోట్లో నీళ్ళు పొయ్యకూడదు, మింగలేక ఊపిరితిత్తుల్లోకి పోతాయి. ఆస్పిరిన్ మాత్ర కూడా సొంతంగా వెయ్యకూడదు.

రాజమండ్రి చేరేసరికి ఎనిమిదిన్నర. డ్యూటీ డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న: "ఈయన చివరిసారి మామూలుగా ఉన్నది ఎప్పుడు?" పాలాయన చూసింది ఆరూ పదిహేనుకు, నిజమే. కాని అప్పటికే జబ్బు మొదలై ఎంతసేపైందో ఎవరు చెప్పగలరు? రాత్రి నిద్రలోనే మొదలై ఉంటే ఇంజక్షను ఇవ్వడం కష్టం. మాస్టారికి భార్య పోయి చాలాకాలమైంది, ఇంట్లో ఒక్కరే. మా బావమరిదికి చప్పున తట్టి లాకుల దగ్గర టీకొట్టు ఆవిడకు ఫోను చేశాడు. ఆవిడ తడుముకోకుండా చెప్పింది: "అయిదూ యాభైకి ఎల్లారండి. ఎప్పటిలాగే చెయ్యెత్తారు. 'శుభోదయం తల్లీ' అన్నారు. మాట గంటకొట్టినట్టుందండి. రేడియోలో అప్పుడు భక్తిపాటలొస్తన్నాయి." డాక్టరు కేసుషీటులో 5.50 అని రాసుకున్నారు. స్కానులో రక్తస్రావం లేదు. 9.05కి ఇంజక్షను పడింది. మూడుంబావు గంటలు.

ఆ డాక్టరుతో తరువాత నేనే మాట్లాడాను. ఆ టైము దొరక్కపోతే ఏం చేసేవారని అడిగాను. ఆమె ఏమీ అనలేదు, కాసేపాగి, "దొరికిందిగదండీ" అంది.

మాస్టారికి కాలు చాలావరకు వచ్చింది. కుడిచెయ్యి భుజం దాకా లేస్తుంది, వేళ్ళలో పట్టు తక్కువ. మాటలో కాస్త నత్తి మిగిలింది. రెండు చక్రాల సైకిలు మేము వద్దన్నాం. మూడు చక్రాలది ఒకటి వాళ్ళబ్బాయి పంపించాడు. మాత్రలు ఆపేశారట, ఆ సంగతి ఆయన ఆసుపత్రిలోనే ఒప్పుకున్నారు. ఇప్పుడు టీకొట్టు ఆవిడ పొద్దున్నే "మాత్ర యేసుకున్నారా మాస్టారూ?" అని అడిగాక గాని గ్లాసు ఇవ్వదట.

ఇక మీ సంగతి. చెయ్యి ఎత్తాలా అన్నారు. రోడ్డు ఖాళీగా, చదునుగా ఉంటే ఎత్తండి. అయితే ఏ చెయ్యి ఎత్తుతున్నారో చూసుకోండి. మన దేశంలో చాలా సైకిళ్ళకు కుడిచేతి బ్రేకు ముందు చక్రానిది, ఎడమచేతిది వెనక చక్రానిది. ఎడమచెయ్యి గాలిలో ఉండగా కుక్క అడ్డమొస్తే, ముందు బ్రేకు ఒక్కటే గట్టిగా పట్టి, హ్యాండిలుబారు మీదనుంచి బోర్లా పడతారు. మీ సైకిలుకు ఏది దేనికో ఇవాళే చూసుకోండి. గతుకులున్నచోట, లారీ వస్తున్నప్పుడు, పల్లంలో దిగుతున్నప్పుడు చేతులు బారు మీదే ఉంచి తల ఊపండి. గంటకు పదిహేను కిలోమీటర్ల వేగంతో ఒక్క సెకను మొహంకేసి చూస్తే నాలుగు మీటర్ల రోడ్డు చూడకుండా దాటిపోయినట్టే. చెవుల్లో పాటల తీగలు పెట్టుకుంటే మాత్రం తీసెయ్యండి. వెనక బెల్లు వినపడదు, ఎదుటివారి మాటా వినపడదు.

పలకరింపువల్ల మీకు ఇంకో ఉపకారం ఉంది. వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఓ మోస్తరు శ్రమ చెయ్యాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది. ఓ మోస్తరు అంటే ఎంత? తొక్కుతూ తొక్కుతూ "బాగున్నారా, ఇవాళ చలి ఎక్కువుందండీ" అని ఆయాసం లేకుండా ఒక వాక్యం అనగలిగితే అదే ఓ మోస్తరు. పాట పాడగలిగితే ఇంకొంచెం వేగం పెంచాలి. "బా...గు..." దగ్గరే ఊపిరి ఆడకపోతే తగ్గించాలి. గుండెలో పట్టేసినట్టు, దవడలోకో ఎడమచేతిలోకో నొప్పి పాకినట్టు ఉంటే దిగిపోయి కూర్చుని, ఎదురొచ్చిన మొదటి మనిషిని ఆపండి. మొహమాటపడకండి.

ఒక్క సంగతి మీరు రాయలేదు. షుగరుకు ఏ మాత్రలు వేసుకుంటున్నారు? కొన్ని మాత్రలు, ఇన్సులిన్ ఇంజక్షను వాడేవాళ్ళకు ఖాళీకడుపుతో గంటసేపు తొక్కితే షుగరు మరీ పడిపోవచ్చు. చెమటలు, వణుకు, తికమక, మాట తడబాటు వస్తాయి. అప్పుడు చూసేవాళ్ళు తాగేశాడనుకుంటారు. జేబులో మూడు చెంచాల పంచదార పొట్లం, మీ పేరు, జబ్బు, ఇంటి ఫోను నంబరు రాసిన చీటీ పెట్టుకోండి. రోజూ ఎదురయ్యేవాళ్ళలో ఒకరిద్దరికి మీకు షుగరుందని చెప్పి ఉంచండి. మాత్రల పేర్లు, మోతాదు, సైకిలుకు ముందు ఏం తింటున్నారో రాసి మళ్ళీ ఉత్తరం వెయ్యండి, చూసి చెబుతాను. ఈసారి చిరునామా కాస్త కుదురుగా రాయండి, మీ పిన్‌కోడు అంకెలు నాకు అర్థం కాలేదు.